ఐ అంటే చూడు, ఆర్ అంటే మార్చు: మా కారు 40 వేల సర్వీసు లెక్క

పోయిన నెలలో మా కారుకు 40 వేల కిలోమీటర్ల సర్వీసు చేయించాను. షోరూమ్ వాళ్లు ఇచ్చిన ఎస్టిమేట్ 18,830 రూపాయలు. చివరికి నేను వాళ్లకు కట్టింది 6,170. బయట ఇంకో 960 అయింది. అంటే 11,700 మిగిలాయి. దేన్ని వద్దన్నానో, దేన్ని బయటకు తీసుకెళ్లానో, దేనికి మాత్రం కిక్కురుమనకుండా కట్టానో రాద్దామని కూర్చున్నా, ఎందుకంటే ఈ లెక్క తేలడానికి నాకు నాలుగేళ్లూ, ఒక తిరుమల ప్రయాణమూ పట్టాయి.

ముందు మా ఇంటి పరిస్థితి చెప్పాలి. మేముండేది విజయవాడ కానూరులో, ఆటోనగర్ పక్కన. గాలి ఇటు తిరిగిందంటే లారీ బాడీలు కొట్టే సుత్తి చప్పుడు మా బాల్కనీలోకి వచ్చేస్తుంది. ఇలాంటి చోట ఉంటూ కారును షోరూమ్‌కు పంపడమంటే, మా నాన్న లెక్కలో, కృష్ణ ఒడ్డున కాపురముంటూ నీళ్ల బాటిల్ కొనుక్కోవడమే. ఆయన మొదట అంబాసిడర్, తర్వాత మారుతి 800 నడిపారు. రెంటికీ డాక్టరు ఒకడే, ఆటోనగర్‌లో రేకుల షెడ్డు బాబాయ్. బాబాయ్ ఇప్పటికీ ఉన్నాడు, షెడ్డూ ఉంది, రేకులు మాత్రం మారాయి. "షోరూమ్ వాడు బోల్టు విప్పితే ఆరు పళ్ల స్పానరు, మనోడు విప్పితే ఏడు పళ్లదా?" అని నాన్న ప్రతి సర్వీసుకీ అడుగుతారు. సమాధానం చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

కారు మామూలు పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు. కొన్నప్పుడే ఐదో ఏడు నిండేదాకా ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నా. ఆ కాగితంలో అన్ని సర్వీసులూ టైముకి వాళ్ల సెంటర్లోనే జరగాలని రాసి ఉంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఎస్టిమేట్ వాట్సాప్‌లో వచ్చింది. పదహారు వరుసలు. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు దాకా బాగానే ఉంది. అక్కణ్నుంచి కిందికి పోతుంటే కొత్త కొత్త పేర్లు తగిలాయి: థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే భాగం) క్లీనింగ్ 950, ఇంజిన్ డీకార్బనైజింగ్ (లోపలి మసి తీయడం) 1,650, ఇంజెక్టర్ క్లీనర్ సీసా 480, ఏసీ ఎవాపరేటర్ (గాలిని చల్లబరిచే భాగం) కడగడానికి ఫోమ్ 1,450, కింద తుప్పు పట్టకుండా కోటింగ్ 3,600, లోపల శుభ్రం చేయడానికి 1,400, ఎలుకలు రాకుండా స్ప్రే 600. ఈ ఏడూ కలిపితే 10,130. అంటే బిల్లులో సగం కన్నా ఎక్కువ. అసలు సర్వీసు ఖరీదు 8,700.

"ఇవన్నీ కంపల్సరీనా?" అని అడిగితే అడ్వైజర్ కుర్రాడు "రికమెండెడ్ సర్" అన్నాడు. ఆ రెండు మాటల మధ్య దూరమే పదివేలు.

ఆ రాత్రి డ్యాష్‌బోర్డులోంచి ఓనర్స్ మాన్యువల్ తీశాను. నాలుగేళ్లయినా ప్లాస్టిక్ కవరు విప్పలేదు, సిగ్గుగానే ఉంది చెప్పుకోడానికి. వెనక పేజీల్లో ఒక పట్టిక ఉంటుంది, పైన కిలోమీటర్లు, నెలలు, పక్కన పార్టుల పేర్లు, గళ్లలో రెండే అక్షరాలు, ఐ, ఆర్. ఆర్ అంటే మార్చు. ఐ అంటే పరిశీలించు. కానీ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఐకి అసలు అర్థం రాసి ఉంది: పరిశీలించి, శుభ్రం చేసి, సరిచేసి, అవసరమైతే మార్చాలి. ఆ "అవసరమైతే" దగ్గరే ఉంది కిటుకంతా. అవసరమో కాదో చెప్పేది ఎవరు? మార్చితే డబ్బులొచ్చేవాడే.

ఎస్టిమేట్ ఒక చేత్తో, పట్టిక ఒక చేత్తో పట్టుకుని పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయాను. 40 వేల దగ్గర నా కారుకు ఆర్ ఉన్నవి ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు, బ్రేక్ ఆయిల్. కూలెంట్‌కు, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవానికి, ఐ మాత్రమే, దాని ఆర్ ఇంకా ముందు ఉంది. ఎస్టిమేట్‌లో మాత్రం కూలెంట్ 900 రూపాయలకు మారిపోతోంది. డీకార్బనైజింగ్, థ్రాటిల్ బాడీ, ఫోమ్, కోటింగ్ అసలు పట్టికలోనే లేవు. కారు తయారుచేసినవాడికి గుర్తురాని జబ్బులు అమ్మినవాడికి ఎలా గుర్తొచ్చాయో మరి.

అలాగని ఆ పట్టిక ఎప్పుడూ మనవైపే మాట్లాడుతుందని కాదు. తర్వాతి పేజీలోనే ఇంకో చిన్న పట్టిక ఉంది, కష్టమైన పరిస్థితుల్లో నడిపేవాళ్ల కోసం. దుమ్ము రోడ్లు, చిన్న చిన్న దూరాలు, ఇంజిన్ ఆన్‌లోనే ఉండి ట్రాఫిక్‌లో నిలబడటం. చదువుతుంటే నా దినచర్య ఎవరో రాసిపెట్టినట్టుంది. పాపను బడిలో దింపడం మూడు కిలోమీటర్లు, బెంజ్ సర్కిల్ దగ్గర ఆగడం, మళ్లీ వెనక్కి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం, దాంతో లోపల చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరైపోకుండా ఆయిల్లోనే ఉండిపోతాయి. అందుకని "నేను తక్కువ తిప్పుతాను కదా, రెండేళ్లకోసారి ఆయిల్ మార్చితే చాల్లే" అనుకునేవాళ్లకు ఒక మాట, ఇలా చిన్న చిన్న దూరాలే తిరిగే కారుకే ఆ ఆయిల్ తొందరగా పాడవుతుంది. ఏడాదో, పది వేలో, ఏది ముందొస్తే అది. ఇందులో నేను బేరమాడను.

అన్నిటినీ వద్దనేవాణ్ని కూడా కాదు నేను. ఒకసారి అలా అని చూశాను కాబట్టి చెప్తున్నా.

30 వేల సర్వీసుకు అడ్వైజర్ బ్రేక్ ఆయిల్ మార్చాలన్నాడు. అప్పటికే నాకు వీళ్ల మీద నమ్మకం పోయి ఉంది, ఇదీ ఆ స్ప్రేల బాపతేలే అనుకుని, ఎందుకైనా మంచిదని బాబాయ్‌కి చూపించా. మూత తీసి చూసి "రంగు బానే ఉందిరా అబ్బాయ్, బ్రేకాయిల్ అరిగిపోద్దా ఏంటి" అన్నాడు. మార్చలేదు. ఆ వేసవిలో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, తిరుమల వెళ్లాం. దిగేది పాత ఘాట్ రోడ్డు. నిర్ణీత టైమ్ కన్నా ముందు కిందికి చేరితే ఫైన్ వేస్తారు కాబట్టి నెమ్మదిగానే దిగుతున్నా, కానీ గేరు మీద కాదు, బ్రేకు మీద కాలు ఆనించి. సగం దిగాక ఒక మలుపు దగ్గర పెడల్ మెత్తగా లోపలికి పోయింది. తడి స్పాంజి తొక్కినట్టు. బండి ఆగింది, కానీ నేను అనుకున్న చోట కాదు. పక్కన నాన్న గొంతు పెంచకుండా "సెకండ్‌లో వెయ్, కాలు తియ్, మళ్లీ తొక్కు" అన్నారు. వెనక సీట్లో అమ్మ గోవిందనామం ఆగిపోయింది. అలిపిరి దాకా సెకండు గేర్లోనే వచ్చాం, ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత చదివితే తెలిసింది. బ్రేక్ ఆయిల్ అరగదు, నిజమే, కానీ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీళ్లు పట్టాక అదే 140కి దిగిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. ఘాట్‌లో డిస్కులు కాలిపోతుంటే ఆ వేడి కాలిపర్‌లోని (డిస్కును నొక్కిపట్టే భాగంలోని) ఆయిల్‌కు ఎక్కి, నీళ్లు పట్టిన ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆయిల్‌ను నొక్కితే అది బ్రేకును నొక్కుతుంది. ఆవిరిని నొక్కితే అదే నొక్కుకుపోతుంది. ఆ స్పాంజి అదన్నమాట. రంగు చూసి దాంట్లో నీళ్లెన్ని ఉన్నాయో బాబాయ్ కాదు కదా ఎవరూ చెప్పలేరు. షోరూమ్‌లో 450 రూపాయల పని అది. నేను తెలివైనవాణ్ననుకుని మిగుల్చుకున్నది ఆ 450. నా డ్రైవింగు తప్పు కూడా ఉంది, కాదనను, కానీ మూడేళ్ల పాత ఆయిల్ ఆ తప్పును భరించలేకపోయింది.

అప్పటినుంచి బ్రేక్ ఆయిల్ షోరూమ్‌లోనే. వాళ్లు మిషను పెట్టి లైన్లలోంచి పాతదంతా తోసి కొత్తది ఎక్కిస్తారు. బయట చాలాచోట్ల డబ్బాలో ఉన్నది లాగేసి కొత్తది పోస్తారు, పైపుల్లో ఉన్నది అలాగే ఉంటుంది.

ఇక వారంటీ సంగతి. "బయట ఒక్క నట్టు విప్పినా వారంటీ పోద్ది సర్" అని అడ్వైజర్ అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఇది చాలా పాత గొడవ. 2011లో ఒకాయన ఫిర్యాదుతో మొదలై, 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉండేలా చూసే ప్రభుత్వ సంస్థ) 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది, విడిభాగాలు, రిపేరు పనిముట్లు బయటి మెకానిక్కులకు దొరక్కుండా చేస్తున్నారని. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదని, ఆ బయటి పని సరిగా చేయకపోవడం వల్ల ఏదైనా పాడైతే ఆ మేరకే కాదనవచ్చని కూడా అందులో చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ.

అయితే న్యాయం మనవైపు ఉండటం వేరు, ఇంజిన్ పాడైన రోజు క్లెయిమ్ పాసవ్వడం వేరు. రేపు ఏదైనా జరిగి లక్ష రూపాయల బిల్లు పడితే, ఆ ఆర్డరు కాపీ పట్టుకుని వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు. పైగా ఎక్స్‌టెండెడ్ వారంటీ నేను సంతకం పెట్టి డబ్బు కట్టి కొనుక్కున్నది. అందుకని అది ఉన్నన్నాళ్లూ పట్టికలో ఆర్ ఉన్న పనులన్నీ షోరూమ్‌లోనే, వాళ్ల కంప్యూటర్లో ఎక్కేలా. అంటే బిల్లులో నేను కట్టే 2,400 లేబర్ చార్జీలో పని ఖరీదు కొంతే, మిగతాది రికార్డు ఖరీదు. అమ్మేటప్పుడు కూడా ఆ రికార్డు అక్కరకొస్తుంది.

మా చెల్లెలు అమెరికాలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. అక్కడ కథ కొంచెం వేరు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం వల్ల ఆయిల్ ఎక్కడైనా మార్చుకోవచ్చు, సొంతంగానైనా సరే, రసీదులు దాచుకుంటే చాలు. దానికి తోడు డీలరే కూపన్లు పంపి బయటికన్నా తక్కువకు ఆయిల్ మారుస్తాడట, లోపలికి రప్పించి మిగతావి అమ్మడానికి. "ఆయిల్ మార్పించుకుని, వాడు చెప్పినవన్నీ నో అని, ఫ్రీ కాఫీ తాగి వచ్చేస్తా అన్నయ్యా" అంటుంది. అక్కడి డీలరు లాంజ్‌లో కాఫీ బాగుంటుందట కూడా.

మళ్లీ మన 8,700 దగ్గరికి వద్దాం. అందులోంచి మూడు తీసేశా. కూలెంట్ 900, అది పట్టిక ప్రకారం ఇంకా టైముంది. వీల్ అలైన్‌మెంట్ (చక్రాల వాలు సరిచేయడం), బ్యాలెన్సింగ్ (చక్రం బరువు సమం చేయడం) 1,150. ఏసీ ఫిల్టరు 480. మిగిలింది 6,170.

అలైన్‌మెంట్ ఎందుకు తీసేశానంటే, పోయినసారి అక్కడ చేయించి ఇంటికొచ్చి చక్రాలు చూశాను. బ్యాలెన్సింగ్ చేస్తే రిమ్ము అంచుకు చిన్న చిన్న సీసపు బరువులు కొత్తవి కొడతారు, లేదా పాతవి జరుపుతారు. నా రిమ్ముల మీద బరువులు ఎక్కడివక్కడే, వాటి చుట్టూ బ్రేకు పొడి మరక కూడా చెదరలేదు. ముందూ తర్వాతా కొలతల ప్రింటు అడిగితే ప్రింటరు పనిచేయట్లేదన్నారు. అన్ని చక్రాలకూ అప్పటికే సరిగ్గా ఉందేమో, నాకు తెలీదు, కానీ డబ్బు తీసుకున్నారు. ఇప్పుడు టైర్ల షాపులో 700కి చేయించా. అక్కడ తెర మన ముందే ఉంటుంది, ఎర్రగా ఉన్న అంకె పచ్చగా మారేదాకా కుర్రాడు కింద దూరి తిప్పుతూ ఉంటాడు. ప్రింటు ఇచ్చాడు. ఆ పని చేసే చోటుకు వారంటీతో సంబంధం లేదు, కళ్లెదుట జరుగుతోందా లేదా అన్నదే సంబంధం.

ఏసీ ఫిల్టరు నేనే మార్చా. ఆటోనగర్ పార్టుల షాపులో 260. డ్యాష్‌బోర్డు ఎడమవైపు పెట్టె తెరిచి, రెండు పక్కలా లోపలికి నొక్కితే అది మొత్తం కిందికి వేలాడుతుంది, వెనక ఒక సన్నటి మూత, రెండు క్లిప్పులు. పాత ఫిల్టరు లాగితే ముందు వేపాకు ఈనెలు రాలాయి, తర్వాత ఒక చచ్చిన చిమ్మెట, తర్వాత దుమ్ము, మా పాప పక్కనే నిలబడి "ఛీ, ఇదా మనం పీల్చేది" అంది. కొత్తదాని అంచు మీద గాలి వెళ్లే వైపుకి బాణం గుర్తు ఉంటుంది, అది చూసి పెట్టాలి, మొదటిసారి నేను తిరగేసి పెట్టి మళ్లీ తీశా. మొత్తం పది నిమిషాలు. ఏసీ వాసన పోయింది. ఎవాపరేటర్ ఫోమ్ కొట్టకుండానే.

షోరూమ్‌తోనే కాదు, బాబాయ్ దగ్గరా నాకు ఇంకో పేచీ ఉంది, ఇంజిన్ ఆయిల్. నా పాత సెకండ్‌హ్యాండ్ కారుకు ఆయనే ఆయిల్ మార్చేవాడు. "మన బెజవాడ ఎండలకు చిక్కటిదే ఆగుద్ది" అని 20డబ్ల్యూ-40 పోసేవాడు, ఏ కారైనా అదే. అంబాసిడర్‌కు చెల్లింది. ఇప్పటి ఇంజిన్లలో సందులు సన్నగా ఉంటాయి, వాల్వుల టైమింగు కూడా ఆయిల్ ఒత్తిడితోనే కదులుతుంది, మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని, అంటే పలచటి రకం, రాసుంటే అదే పోయాలి. ఇంకోటి, కింద డ్రెయిన్ నట్టుకు ఉండే వాషరు కొత్తది వేయడు, "ఇంకా బానే ఉందిగా" అని పాతదే బిగిస్తాడు. పార్కింగ్ టైల్స్ మీద రూపాయి బిళ్లంత నల్ల మరక, రోజూ ఒకటి, వాచ్‌మన్ భార్య రోజూ తుడిచి నా వంక చూడటం. వాషరు ఖరీదు పాతిక రూపాయలు ఉంటుందేమో.

కాబట్టి వచ్చే ఏడాది వారంటీ అయిపోయాక ఆయన దగ్గరికి వెళ్లినా, సరైన గ్రేడు ఆయిల్ డబ్బా, ఫిల్టరు, వాషరు నేనే కొని తీసుకెళ్లి, సీలు నా ముందే తీయమంటాను. ఆయన అలుగుతాడు. అలగనీ.

అప్పుడు కూడా కొన్ని షోరూమ్‌వే. కంపెనీ రీకాల్ (లోపమున్న పార్టు సరిచేయడానికి కంపెనీయే కార్లను వెనక్కి పిలవడం) ఏదైనా ఉంటే అది ఉచితం, కంపెనీ వెబ్‌సైట్లో చాసిస్ నంబరు కొడితే చెప్తుంది, ఆరు నెలలకోసారి కొట్టి చూస్తుంటా. ఎయిర్‌బ్యాగు లైటు వెలిగినా, ఏబీఎస్ లైటు వెలిగినా, సాఫ్ట్‌వేర్ పనైనా అక్కడికే. మా కారు ఆటోమేటిక్ అయి ఉంటే గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఆ లిస్టులోకే వెళ్లేది, హైబ్రిడ్ అయితే మరీను. టైర్లు, బ్యాటరీ, వైపర్లు, బల్బులు మాత్రం ఎప్పటికీ బయటే.

బిల్లు కట్టే ముందు ఇంకొక్కటి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు పార్టుల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత బిల్లులు చూసి పోల్చుకునేవాళ్లు అది లెక్కలోకి తీసుకోండి. పాత పార్టులు డిక్కీలో పెట్టమని జాబ్ కార్డు (కారు ఇచ్చేటప్పుడు చేయాల్సిన పనులు రాసే కాగితం) మీద ముందే రాయించండి. ఇస్తారు, మొహం మాడ్చుకునైనా ఇస్తారు. ఆ అడ్వైజర్ కుర్రాడి మీద నాకేం కోపం లేదు నిజానికి, డెలివరీ రోజు టీ తాగుతూ చెప్పాడు, ఈ కోటింగులు, ఫోములు నెలకు ఇన్ని అమ్మాలని వాళ్లకు టార్గెట్ ఉంటుందట. "మీలాంటోళ్లు నలుగురొస్తే నా నెల పోయినట్టే సర్" అన్నాడు నవ్వుతూ.

ఇంటికొచ్చి నాన్నకు 7,130 అని చెప్పా. "బాబాయ్ అయితే మూడు వేలకు చేసేవాడు" అన్నారు.

పది రోజుల తర్వాత ఒక పొద్దున్న అద్దం మీద నీళ్లు కొడదామని నొక్కితే రాలేదు. బానెట్ ఎత్తి చూస్తే వాషర్ పైపు రెండు ముక్కలు, అంచున పళ్ల గాట్లు, పక్కనే సాక్ష్యంగా నాలుగు నల్లటి గింజలు. 600 రూపాయల ఎలుకల స్ప్రే గుర్తొచ్చింది. కారు బాబాయ్ దగ్గరికే తీసుకెళ్లా. చేపల తొట్టెకు వాడే గాలి పైపు ఒక జానెడు కోసి రెండు ముక్కల మధ్య బిగించి, ముప్ఫై తీసుకున్నాడు. ఆ స్ప్రే కొట్టించి ఉంటే ఇది తప్పేదా బాబాయ్ అని అడిగా.

"అది కూడా నాకి, ఆనక పైపు కొరికేది" అన్నాడు.